కాలిన రాయి

"ఈ పిల్లకి ఇది సరిపడదేమోనండీ" అనే మాటని ఎంత మెత్తగా అంటే అంత లోతుగా దిగుతుంది. ఆ సంగతి హాలెట్ ఊళ్ళో పౌలీన్‌కి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ఎన్ని గుమ్మాల దగ్గర నిలబడి విన్నదో ఆ మాట.

మొదట ఫుట్‌బాల్. పిల్లలందరూ బంతి వెనక తేనెటీగల్లా ముసురుకుంటే ఆమె మనవరాలు లేసియా రెండు చెవులూ మూసుకుని గోలు స్తంభానికి ఆనుకుని నిలబడేది. తర్వాత ఈత. నీళ్ళంటే దానికి ప్రాణమే, కానీ చేతులూ కాళ్ళూ ఒకేసారి ఆడించమనేసరికి ఏది ముందో ఏది వెనకో తెలీక మునిగేది. ఈత నేర్పే అమ్మాయి తువ్వాలు భుజాన వేసుకుని, పాపం కళ్ళల్లోకి చూడలేక గోడ గడియారం వంక చూస్తూ ఆ మాట అంది. తర్వాత నాట్యం. అదైనా పరాయిదా? పౌలీన్ తాతలు యుక్రెయిన్ నించి ఓడెక్కి ఈ సస్కాచువాన్ బీళ్ళలోకి వచ్చినప్పుడు బట్టల మూటతోపాటు తెచ్చుకున్న నాట్యమే. ఎర్ర బూట్లు, తలమీద రిబ్బన్ల కిరీటం, పువ్వులు కుట్టిన జాకెట్టు. ఆ జాకెట్టు పౌలీన్ చలికాలమంతా కిటికీ పక్కన కూర్చుని తన చేత్తో కుట్టింది. తీరా వేదిక మీద అందరూ కుడికి తిరిగితే లేసియా ఎడమకి తిరిగింది, పక్కపిల్ల కాలు తొక్కింది, ఆ పిల్ల ఇంకో పిల్లని పట్టుకుంది, వరసంతా గోధుమ చేను గాలికి వాలినట్టు వాలిపోయింది. నాట్యం నేర్పే ఆవిడ పౌలీన్‌కి వరసకి చెల్లెలి కూతురు. ఆవిడే అంది, "పెద్దమ్మా, ఏమీ అనుకోకు, దీనికి ఇది సరిపడదేమో" అని.

పౌలీన్ ఆ జాకెట్టు మడిచి పెట్టెలో పెట్టలేదు. పెరోగీలు, అంటే ఆలుగడ్డ కూరిన పిండి కజ్జికాయలు, చేసే రోజున లేసియాకి అదే తొడిగి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. పిండి పడితే పడనీ, ఆలుగడ్డ ముద్ద అంటుకుంటే అంటుకోనీ. పువ్వుల జాకెట్టు తొడుక్కోవడానికి ఇంకొకళ్ళ అనుమతి ఏమిటి అనుకుంది.

సస్కటూన్ పట్నంలో పెద్ద డాక్టరమ్మ దీనికి పేరు పెట్టింది. డిస్‌ప్రాక్సియా అంది. ఆటిజం లక్షణాలు కూడా కొన్ని ఉన్నాయంది. పౌలీన్ ఆ పేర్లు నోటికి పట్టించుకుంది గానీ, ఎవరైనా అడిగితే మాత్రం తన మాటల్లోనే చెప్పేది. తల నుంచి కాలికి వెళ్ళే కబురు తిన్నగా వెళ్ళదు, ఊరంతా తిరిగి వెళుతుంది, అందుకే పిల్ల గుమ్మం దాటేటప్పుడు భుజం కొట్టుకుంటుంది, పాల గ్లాసు దొర్లిస్తుంది, బూటు తాళ్ళు కట్టుకోలేదు. పైగా పదిమంది ఒకేసారి మాట్లాడితే దాని చెవికి పదిమందీ ఒకేలా గట్టిగా వినిపిస్తారు. అంతే. పెంకితనమూ కాదు, బుద్ధి తక్కువా కాదు. ఆ మాట ఎవరైనా అనబోతే పౌలీన్ చేతిలో గరిటె ఉన్నా సరే, లేకపోయినా సరే, వాళ్ళు రెండోసారి అనేవాళ్ళు కాదు.

ఇక కర్లింగ్ సంగతి. హాలెట్‌లో చలికాలం వస్తే ఊరు ఊరంతా కర్లింగ్ రింకులోనే ఉంటుంది. మంచుగడ్డ పరిచిన పొడుగాటి బాట మీద పిడి ఉన్న గుండ్రాయిని జారవిడవడం, దాని ముందు చీపుళ్ళతో రుద్దుకుంటూ పరుగెత్తడం, అవతలి కొసన గీసిన రంగు వలయాల్లోకి, వాటిని ఇల్లు అంటారు, ఆ రాయిని చేర్చడం. బాటకి పైన, అద్దాల వెనక కూర్చునే గది, దాని పక్కన వంటగది. బుధవారాలు ఆ వంటగది పౌలీన్‌ది. కూతురు రొక్సాన్ పక్క ఊళ్ళో వృద్ధుల ఆసుపత్రిలో సాయంత్రం డ్యూటీ చేస్తుంది కాబట్టి లేసియా అమ్మమ్మతోపాటే అక్కడికి వచ్చి, పిండి సంచుల పక్కన పుస్తకం పట్టుకుని కూర్చునేది.

ఒకనాడు పౌలీన్ సూప్ కలుపుతూ తిరిగి చూస్తే పిల్ల లేదు. వెళ్ళి చూస్తే అద్దానికి చెవి ఆనించి నిలబడి ఉంది. ఆ రాయి మంచు మీద పోయేటప్పుడు లోగొంతుతో ఒక రొద చేస్తుంది, దూరాన రైలు పోతున్నట్టు. ప్రపంచంలో ప్రతి చప్పుడికీ చెవులు మూసుకునే పిల్ల ఆ చప్పుడికి చెవి అప్పగించి నిలబడింది.

"నేను కూడా వేస్తా," అంది, అద్దం లోంచే చూస్తూ.

ఫుట్‌బాల్ రొక్సాన్ అనుకున్నది. ఈత డాక్టరమ్మ చెప్పినది. నాట్యం పౌలీన్ ఆశ. ఇది ఆ పిల్ల నోరు తెరిచి తనంతట తాను అడిగిన మొదటి ఆట.

రొక్సాన్‌కి చెప్తే కళ్ళు తుడుచుకుంది. ఇంకోసారి దాని మొహం అలా చూడలేనమ్మా అంది, వచ్చి మంచం కింద దూరి పడుకుంటుంది, రెండు రోజులు మాట్లాడదు, ఆ రెండు రోజులూ నాతోపాటు ఉండేది నువ్వు కాదు నేను అంది. అందులో అబద్ధం లేదు. పౌలీన్ మాత్రం, అది అడిగిందే, నేను అడగలేదే అని ఒకే మాట మళ్ళీ మళ్ళీ చెప్పింది. కూతురు అలిసిపోయి సరేనంది.

ఆదివారం మధ్యాహ్నాలు రింకు ఖాళీగా ఉంటుంది. పౌలీన్ లేసియాకి శిరస్త్రాణం పెట్టి, దాని కింద చెవులకి ఉన్ని కప్పులు పెట్టి, బాట మీదికి తీసుకెళ్ళింది. కర్లింగ్‌లో రాయి వేసేవాళ్ళు ఒక కాలు రబ్బరు దిమ్మకి తన్నిపెట్టి, రెండో కాలి మీద కూర్చున్నట్టే జారుతూ వెళ్ళి రాయి వదలాలి. చూడ్డానికి హంస ఈదినట్టుంటుంది. లేసియా హంసలా జారలేదు. ఎటు వాలితే అటు పడింది. లేచింది, పడింది. పెదవి చిట్లింది. ఏడవలేదు గానీ రాయి వంక కోపంగా చూసింది.

అప్పుడు పౌలీన్ ముసలివాళ్ళ చోటుకి వెళ్ళి గోడకి ఆనించి ఉన్న కర్ర తెచ్చింది. మోకాళ్ళు వంగనివాళ్ళు ఆ కర్ర కొసని రాయి పిడికి తగిలించి, నిలబడే నాలుగడుగులు నడిచి, ఇవతలి గీత రాకముందే వదులుతారు. రాయి రాయే, మంచు మంచే, తేడా అల్లా వంగడమే.

లేసియా కర్ర పట్టుకుని నడిచింది. రాయి పోయింది. సగం దూరం పోయి ఆగింది. ఇంకోటి వేసింది, అది గోడకి కొట్టుకుంది. బలం అస్సలు కుదరలేదు, కానీ ఒక వింత. అవతల పౌలీన్ చీపురు ఎక్కడ నిలబెడితే రాయి అటే వచ్చింది, గీత గీసినట్టు. ఆ పిల్ల నడుస్తున్నంతసేపూ ఆ చీపురు తప్ప ఇంకేమీ చూసేది కాదు మరి. మామూలు మనుషులకి నూట తొంభై ఆలోచనలు. దానికి ఒకటే.

చలికాలం సగం గడిచేసరికి పౌలీన్ ధైర్యం చేసి తన స్నేహితురాలు మార్జ్ జట్టులో లేసియా పేరు వేయించింది. మార్జ్ స్కిప్, అంటే జట్టు పెద్ద. ఆమె తమ్ముడు గ్రెగ్ ఉన్నాడు, పౌలీన్ ఉంది, నాలుగో మనిషి లేక వెతుక్కుంటున్నారు. నాలుగో మనిషి ప్రతి విడతలోనూ ముందుగా రెండు రాళ్ళు వెయ్యాలి. దాన్ని లీడ్ అంటారు.

ఆర్విడ్ లుండ్‌క్విస్ట్ ఒప్పుకోలేదు. రింకు అధ్యక్షుడూ ఆయనే, మంచు పరిచేదీ ఆయనే. తెల్లారకముందే వచ్చి వీపుకి నీళ్ళ డబ్బా కట్టుకుని ఆ బాట మీద చుక్కలు చుక్కలుగా చల్లుతాడు, పసిబిడ్డకి పౌడరు అద్దినట్టు. చెడ్డవాడని అనడానికి లేదు. పౌలీన్ మొగుడు ఓరెస్ట్ పోయినప్పుడు గొయ్యి దగ్గర చివరిదాకా నిలబడ్డది ఆయనే. కానీ ఆటలో మాత్రం ఆవగింజంత సడలింపు ఇవ్వడు.

"కర్ర ఎవరికి పౌలీన్? మోకాళ్ళు పోయినవాళ్ళకి. ఈ పిల్ల మోకాళ్ళు సరికొత్తవి," అన్నాడు వంటగది గుమ్మంలో నిలబడి.

"మోకాళ్ళు కొత్తవేలే. వాటికి కబురు తీసుకెళ్ళే తీగ సరిగ్గా లేదు. నీ మోకాలికి ఉక్కు చిప్ప వేయించుకున్నావు, అది కనపడదు. దీనిది కూడా కనపడదు. కనపడనిది నీకైతే ఉన్నట్టూ, దానికైతే లేనట్టూనా?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. ఇవాళ కర్ర, రేపు ఇంకోటి, ఎల్లుండి బంతాట అయిపోతుంది ఇది అని ఏదో గొణిగాడు. బుధవారం జనం పని చేసొచ్చి ఆడుకోవడానికి వస్తారు, ఒక్కొక్క రాయికీ ఆగి చూస్తూ కూర్చోలేరు అన్నాడు. దీనికి ఇది సరిపడుతుందంటావా అని ఆ మాట కూడా అనబోయి, పౌలీన్ మొహం చూసి మింగేశాడు.

"మింగినా వినపడింది," అంది పౌలీన్. "ఎక్కడుంది చూపించు, పిల్లలు కర్ర పట్టకూడదని. లేదు. ఎందుకంటే ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. ఇప్పుడు మేం అడుగుతున్నాం. నువ్వు కాదంటే బుధవారం నా సూపు కూడా ఉండదు, నీ చేతి సూపు తాగి చావండి అందరూ."

సూపు బెదిరింపు పనిచేసిందో, ఉక్కు చిప్ప మాట పనిచేసిందో. ఒక్క బుధవారం చూస్తానన్నాడు ఆర్విడ్. మా జట్టుతోనే ఆడండి, నా కళ్ళతో చూస్తాను, ఆట కుంటుపడితే మాత్రం ఇంక ఈ ప్రస్తావన తేకూడదు అన్నాడు. పౌలీన్ సరేనంది. అంటే ఆ పిల్లకి ఉన్నది ఒకే ఒక్క సాయంత్రం. ఆ సాయంత్రం తేలిపోతే ఈ ఊళ్ళో దానికి మిగిలిన ఆట ఇంకేదీ లేదు, వెతకని చోటూ లేదు.

ఆ బుధవారం రింకు నిండా జనం. పౌలీన్ గరిటె ఇంకొకళ్ళ చేతిలో పెట్టి చీపురు పట్టుకుంది.

మొదటి విడతలో లేసియా రాళ్ళు రెండూ అవతల ఇంటికి ముందున్న గీత దాటకుండానే ఆగిపోయాయి. దాటని రాయిని ఆటలోంచి తీసేస్తారు. రెండో విడతలో ఒకటి ఆగింది, ఒకటి ఇంటి మధ్యలోంచి దూసుకుపోయి వెనక దిండుకి కొట్టుకుంది. ఆర్విడ్ గడియారం వంక చూశాడు. అది పౌలీన్ చూసింది. ఆర్విడ్ జట్టులో లీడ్ వెండెల్ అని పెద్ద బొజ్జ రైతు, నెమ్మదస్తుడు. తొందరేం లేదు పాపా, నేను వేసే మొదటి ఏడాది పక్క బాటలోకి వేసేవాణ్ణి అన్నాడు. లేసియా ఆయన వంక చూడకుండానే, "ఇది నాకు రెండో నెల," అంది.

అన్నిటికంటే కష్టం అరుపులు. రాయి వేగం చాలకపోతే స్కిప్ అవతలి కొస నుంచి గొంతు చించుకుని అరుస్తాడు, రుద్దండి రుద్దండి అని. పక్క బాటల్లోనూ అవే అరుపులు. ఒకసారి అందరూ ఒకేసారి అరిచేసరికి లేసియా కర్ర వదిలేసి ఒంగి తల పట్టుకుంది. ఆట ఆగింది. పౌలీన్ పరుగున వెళ్ళి దాని ముందు అడ్డంగా నిలబడింది, జనం చూడకుండా. లేసియా ఉన్ని కప్పులు సరిచేసుకుని, తనే లేచి, కర్ర తీసుకుంది. "తప్పుకో, చీపురు కనపడట్లేదు," అంది.

పౌలీన్ తప్పుకుంది గానీ ఆమె కళ్ళు మాత్రం చుట్టూ తిరిగాయి. గడియారం, ఆర్విడ్ గడ్డం, అద్దాల వెనక మొహాలు. ఒక్క రాయి, ఒకే ఒక్క రాయి ఇంట్లో ఆగితే చాలు దేవుడా అనుకుంది. ఆ తర్వాత ఎవడేమంటాడో నేను చూస్తాను.

చివరి విడత వచ్చింది. రెండు జట్ల లెక్కా సమానంగా ఉంది. లేసియా మొదటి రాయి వేసింది, గీత దాటి కొంచెం ముందుకొచ్చి ఆగింది. ఆటలో నిలిచిన మొదటి రాయి. మార్జ్ అవతలి నుంచి చీపురు ఎత్తి ఊపింది. వెండెల్ వేశాడు. మళ్ళీ లేసియా. నాలుగడుగులు నడిచింది, నోరు కొంచెం తెరుచుకుని, మార్జ్ చీపురునే చూస్తూ. వదిలింది.

వదిలిన తీరు చూడగానే పౌలీన్‌కి తెలిసిపోయింది. ఎన్నో చలికాలాలుగా రాళ్ళ ముందు పరుగెత్తిన మనిషి, రొద వింటేనే తెలుస్తుంది. ఇది పోతుంది. కొంచెం సాయం చేస్తే నేరుగా ఇంటి నట్టనడిమి చుక్క, బొత్తాం అంటారు, దాని మీదికి పోతుంది. రుద్దండి అని మార్జ్ అరిచింది. అటు గ్రెగ్, ఇటు పౌలీన్, తలలు వంచి రుద్దుకుంటూ పరుగెత్తారు. గీత దాటింది. ఇంటి అంచు వచ్చింది. రాయి నీరసిస్తోంది. ఇంకొంచెం, ఇంకొంచెం అని పౌలీన్ ఒళ్ళంతా చీపురు మీద మోపింది. పాదం కాస్త జారింది. అప్పుడు చేతికి తెలిసింది, టక్కుమని, చీమ కుట్టినంత. చీపురు అంచు రాయికి తగిలింది.

రాయి ఇంకో జానెడు పోయి సరిగ్గా బొత్తాం మీద ఆగింది.

ఈ ఆటలో చీపురు రాయికి తగిలితే ఆ రాయి కాలింది అంటారు. దానికి న్యాయాధికారి ఉండడు, ఈల వేసేవాడు ఉండడు. తగిలించినవాళ్ళే అక్కడికక్కడ చెయ్యెత్తి చెప్పాలి. అవతలివాళ్ళు అడగకూడదు, వేలెత్తి చూపకూడదు. ఎవరి తప్పు వాళ్ళే చెప్పుకోవాలి. హాలెట్‌లో ఆవులు తప్పిపోయిన కేసుల్లో అబద్ధమాడిన మనుషులున్నారు, పెళ్ళాల దగ్గర అబద్ధమాడిన మనుషులున్నారు, కాలిన రాయి దగ్గర నోరు మూసుకున్న మనిషి మాత్రం లేడు. పౌలీన్ తన జన్మలో ఎన్నోసార్లు చెయ్యెత్తింది. ఒకసారి ప్రాంతీయ పోటీలో గెలిచే ఆటని అలా చెయ్యెత్తి పోగొట్టుకుని నవ్వుతూ బయటికొచ్చింది.

ఇప్పుడు చెయ్యి లేవలేదు.

గ్రెగ్ తల వంచుకుని ఉన్నాడు, చూడలేదు. మార్జ్ రాయి ఆగిన చోటే చూసింది. ఆర్విడ్ ఇంటి వెనక నిలబడి ఉన్నాడు, ఆయన కళ్ళు ఎటున్నాయో తెలీదు. అద్దాల వెనక ఎవరో బల్ల చరిచారు, చప్పట్లు మొదలయ్యాయి. మార్జ్, "ఒసే పిల్లా, బొత్తాం మీదేనే," అని నవ్వుతోంది. పౌలీన్ నడుం పట్టుకుని నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. వాటిలో ఎన్ని సంతోషానివో ఎన్ని సిగ్గువో ఆమెకే తెలీలేదు.

లేసియా రాయి వెనకే నడిచి వచ్చింది. ఎప్పుడూ అంతే, రాయి ఆగేదాకా దాని వెనకే వస్తుంది. వచ్చి రాయిని చూసింది, తర్వాత పౌలీన్ చీపురుని చూసింది.

"అమ్మమ్మా, నీ చీపురు తగిలింది."

"పద పద, వెండెల్ వెయ్యాలి."

"తగిలింది. నీ చెయ్యి ఆగింది."

"ఏమో, నాకు తెలీలేదు," అంది పౌలీన్. అనగానే ఆ మాట ఎవరో వేరే ఆడమనిషి అన్నట్టు వినిపించింది.

"తెలుసు నీకు," అంది లేసియా. దాని మొహం ఎర్రబడింది. పిల్లలకి అబద్ధం చెడ్డదని బడిలో చెప్పిన మొహం కాదది, దొంగతనం జరిగిన ఇంటి యజమాని మొహం. "అది నేను వేసిన రాయి. పోతోంది కదా, పోనివ్వచ్చు కదా. ఎందుకు ముట్టుకున్నావు? ఇప్పుడది నాది కాదు."

చప్పట్లు ఆగిపోయాయి. మార్జ్ నవ్వు మొహం మీదే ఉండిపోయింది. పౌలీన్ నెమ్మదిగా చెయ్యెత్తింది.

"తగిలింది ఆర్విడ్. కాలింది."

అవతలి గీత దాటాక కాలిన రాయిని ఏం చెయ్యాలో అవతలి స్కిప్ ఇష్టం. తీసేయొచ్చు, ఉంచొచ్చు. ఆర్విడ్ రాయి వంక చూశాడు, పిల్ల వంక చూశాడు. ఆయన మొహం మెత్తబడింది. ఆ మెత్తదనం పౌలీన్ చాలా గుమ్మాల దగ్గర చూసింది. జుట్టు నిమరబోయే మొహం అది.

"ఉండనీలే. పాపం, చిన్నపిల్ల. ఇంట్లో ఆగిన దాని మొదటి రాయి," అన్నాడు.

లేసియా కర్ర కొస మంచు మీద పొడిచింది. "మార్జ్ వేసిన రాయైతే ఉంచేవాడివా తాతా?"

ఆర్విడ్ మార్జ్ వంక చూశాడు.

"అడుగుతున్నా. ఉంచేవాడివా?"

"లేదు. తీసేసేవాణ్ణి."

"మరి నాది ఎందుకు ఉంచుతున్నావు?"

ముసలాయన ఆ పిల్ల మొహంలోకి చూశాడు. పిల్ల ఆయన కళ్ళల్లోకి చూడదు, ఎప్పుడూ చూడదు, ఆయన కోటు మూడో గుండీ వంక చూస్తోంది. కానీ అక్కడి నుంచి కదల్లేదు.

"తీసెయ్," అంది.

ఆర్విడ్ ఒంగి, మామూలుగా కాలితో తోసేవాడే, ఒంగి చేత్తో పిడి పట్టుకుని రాయిని పక్కకి తీశాడు. వంగేటప్పుడు ఉక్కు మోకాలు కిర్రుమంది. తర్వాత లేచి నిలబడి వెండెల్‌కి చీపురు చూపించాడు, ఇక్కడ వెయ్యి అని. ఆట సాగింది. ఒక్క రాయి తేడాతో మార్జ్ జట్టు ఓడిపోయింది.

ఆట అయ్యాక రెండు జట్లూ చేతులు కలపాలి, బాగా ఆడారు అనుకోవాలి. వెండెల్ చెయ్యి చాచాడు. లేసియా చేతులు వెనక్కి పెట్టుకుంది. పౌలీన్ అలవాటు కొద్దీ నోరు తెరిచింది. దానికి జలుబండీ, అలిసిపోయిందండీ, దానికి కొంచెం… అని ఎన్ని ఏళ్ళుగానో వెయ్యి రకాలుగా సర్దిచెప్పిన నోరది.

"నేను చెప్తా," అంది లేసియా. "నాకు ఎవరైనా పట్టుకుంటే నచ్చదు వెండెల్ తాతా. బాగా ఆడావు."

"నువ్వూ," అన్నాడు వెండెల్, చాచిన చెయ్యి పైకెత్తి టోపీ తీస్తూ.

గెలిచినవాళ్ళు ఓడినవాళ్ళకి తాగడానికి ఇప్పించాలి, అదీ ఎవరికి ఎదురైనవాళ్ళు వాళ్ళకి, లీడ్‌కి లీడ్, స్కిప్‌కి స్కిప్. పైన గదిలో పొడుగు బల్ల దగ్గర వెండెల్ లేసియాకి వేడి చాక్లెట్ తెచ్చి, సగానికే నింపించాను, ఒలకదు అన్నాడు. లేసియా అది న్యాయంగానే ఉందన్నట్టు తాగింది. పౌలీన్ ముందున్న కాఫీ చల్లారిపోతోంది. మార్జ్ మోచేత్తో పొడిచి, "నోరు పోయిందేమే, ఊళ్ళో పండగ చేసుకుంటారు," అంది.

ఆర్విడ్ వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఇప్పుడు కమిటీ కూర్చోవాలి పౌలీన్," అన్నాడు. "కర్ర గురించి కాదు. నీ గురించి."

అది ఎగతాళే. అయినా పౌలీన్ దాన్ని తప్పించుకోలేదు. "కూర్చోబెట్టు," అంది. "నేను చేసింది తప్పు. కానీ ఎందుకు చేశానో కూడా వినండి. ఒక్క సాయంత్రం ఇచ్చావు దానికి. నీకు ఎన్ని సాయంత్రాలిచ్చారు ఆర్విడ్? వెండెల్ ఏడాదంతా పక్క బాటలోకి వేశాట్ట, ఎవరైనా గడియారం చూశారా? దాన్ని ఒకే ఒక్క రాయి మీద నిలబెట్టారు. ఆ రాయిని నేను పాడుచేశాను, సిగ్గుపడతాను. మీరు కూడా కొంచెం పడండి."

ఆర్విడ్ గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు. ఆ గడియారం చూడటం నాకు కూడా మంచిగా అనిపించలేదు అని, గ్లాసుకే చెప్పినట్టు చెప్పాడు. తర్వాత వెండెల్ తుంటి ఆపరేషన్‌కి వచ్చే వారం రెజైనా పట్నం వెళుతున్నాడని, వసంతం దాకా రాడని చెప్పాడు. అందరికీ తెలిసిన సంగతే అది.

"నాకు లీడ్ కావాలి," అన్నాడు లేసియాతో. "నీ బలం పనికిరాదు. నేర్చుకుంటావు. కానీ నీ రాయి చీపురు చూపిన దారి తప్పదు. ఇవాళంతా చూశాను, ఒక్కటి తప్పలేదు. అది నేర్పితే వచ్చేది కాదు."

పౌలీన్ గబుక్కున అందుకుంది. "అది మా జట్టులో ఉంది. మార్జ్…"

"నేను నీ జట్టులో ఆడను అమ్మమ్మా," అంది లేసియా. కోపంగా కూడా అనలేదు, రేపు వాన రాదన్నట్టు అంది. "నువ్వు మళ్ళీ ముట్టుకుంటావు."

చెంప పగిలినట్టయింది పౌలీన్‌కి. ఫుట్‌బాల్ కుర్రాడూ, ఈత అమ్మాయీ, చెల్లెలి కూతురూ అందరూ కలిసి అన్నది ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ముట్టుకోను అని ఒట్టు పెట్టబోయింది. పెట్టలేకపోయింది. ముట్టుకుంటుంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు, ఇక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. పిల్లకి అందరికంటే ముందు తెలిసింది, అంతే.

"నేనైతే అరుస్తాను," అన్నాడు ఆర్విడ్. "ముందే చెబుతున్నా."

"తెలుసు. విన్నాను," అంది లేసియా. "రాయిని అరుస్తున్నావో నన్ను అరుస్తున్నావో నాకు తెలీదు. నన్ను అరిచేటప్పుడు ముందు నా పేరు చెప్పు. పేరు లేకపోతే అది రాయికి అనుకుంటా, పట్టించుకోను."

ఆర్విడ్ తలాడించాడు. దీని అమ్మ డ్యూటీ దిగి వచ్చేసరికి ఈ బల్ల దగ్గరే ఉంటామని, ఆవిడ్ని కూడా అడగాలని మార్జ్ గుర్తుచేసింది. అమ్మకి నేనే చెప్తానంది లేసియా. చేతులు కలపనని, చీపురు చీపురుకి తాకిస్తానని చెప్పింది. గెలిచినా ఓడినా ఎవరూ తన జుట్టు నిమరకూడదంది. కర్ర గురించి వచ్చే ఏడాది మళ్ళీ ఎవరూ అడగకూడదంది.

పౌలీన్‌కి మధ్యలో నాలుగైదుసార్లు నోరు తెరవాలనిపించింది. దానికి చలిలో చేతి తొడుగులు తడిస్తే చిరాకు, ఆకలేస్తే మాట పోతుంది, ఆ సంగతి వీళ్ళకి ఎవరు చెబుతారు? కప్పు పట్టుకుని, పళ్ళు బిగించి, నోరు మూసుకుని కూర్చుంది. ఆమె జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చెయ్యలేదు.

"అయిందా? ఇంకేమన్నా ఉందా?" అన్నాడు ఆర్విడ్.

లేసియా చాక్లెట్ కప్పు రెండు చేతులతో పట్టుకుని, ఒలకకుండా, జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"ఉంది," అంది.

ముసలాయన కోటు విప్పి కుర్చీకి తగిలించి, వినడానికి సర్దుకుని కూర్చున్నాడు.